కమర్షియల్ రిపీటర్‌ని ఆల్‌స్టార్‌లింక్‌కి ఎలా కలపాలి? విడిగా కంట్రోలర్ కావాలా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇదీ: సర్వీసులోంచి తీసేసిన యూహెచ్‌ఎఫ్ కమర్షియల్ రిపీటర్ (ఒక ఫ్రీక్వెన్సీలో విన్నదాన్ని ఇంకో ఫ్రీక్వెన్సీలో తిరిగి పంపే సెట్) ఒకటి మీ క్లబ్ చేతికొచ్చింది, దాన్ని హామ్ (అమెచ్యూర్ రేడియో) బ్యాండ్‌లోకి తెచ్చి, రిపీటర్లని ఇంటర్నెట్ మీద ఒకదానికొకటి కలిపే ఆల్‌స్టార్‌లింక్‌కి కలపాలనుకుంటున్నారు, రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్ ఉంది, యూఎస్‌బీ సౌండ్ కార్డ్ ఉంది. మైక్ సాకెట్‌కీ స్పీకర్‌కీ వైర్లు లాగేస్తే సరిపోతుందా, రిపీటర్ లోపలున్న కంట్రోలర్‌ని (ఎప్పుడు పంపాలో, ఎప్పుడు ఆపాలో చూసే భాగాన్ని) అలాగే ఉంచాలా, లేక బయట ఇంకోటి కొనాలా అని అడిగారు.

సూటిగా జవాబు: కంట్రోలర్ కొనక్కర్లేదు, ఆల్‌స్టార్ నోడే, అంటే ఆ సాఫ్ట్‌వేర్ నడిచే మీ రాస్ప్‌బెర్రీ పైయే, మంచి కంట్రోలర్. రిపీటర్ లోపలి రిపీట్ ఫంక్షన్‌ని ప్రోగ్రామింగ్‌లో ఆపేసి దాన్ని ఉత్త రిసీవర్‌గా, ఉత్త ట్రాన్స్‌మిటర్‌గా వాడుకోండి. మైక్ సాకెట్, స్పీకర్ వద్దు. వెనకాల యాక్సెసరీ కనెక్టర్ నుంచి డిస్క్రిమినేటర్ ఆడియో (రిసీవర్ ఇంకా సరిచెయ్యని ఆడియో), సీఓఎస్ లైను (సిగ్నల్ వచ్చిందని చెప్పేది), పీటీటీ (ట్రాన్స్‌మిటర్‌ని ఆన్ చేసేది), ఫ్లాట్ ట్రాన్స్‌మిట్ ఇన్‌పుట్ (ఆడియోని మార్చకుండా తీసుకునేది), గ్రౌండ్ తీసుకోండి. వాక్స్ (శబ్దం వినపడగానే దానంతటదే ఆన్ అయ్యే పద్ధతి) మీద మాత్రం అస్సలు పెట్టొద్దు. ఇంటర్నెట్ వైపు పని ఒక సాయంత్రంలో అయిపోతుంది, ఈ నాలుగైదు వైర్లు సరిగ్గా కుదరడానికే టైమ్ పడుతుంది, నెట్‌వర్క్‌లో మీ రిపీటర్ ఎలా వినపడుతుందో తేల్చేది కూడా అవే.

వైర్ల దగ్గరికి వెళ్ళే ముందు రెండు విషయాలు చెప్పాలి.

ఒకటి, లైసెన్స్. బాక్స్ కమర్షియల్ కంపెనీదైతే ఏ ఇబ్బందీ లేదు, ఫ్రీక్వెన్సీ మాత్రం అమెచ్యూర్ బ్యాండ్‌లో ఉండాలి, కాల్‌సైన్ ఉండాలి. ఇప్పటికీ బిజినెస్ లైసెన్స్ మీద నడుస్తున్న రిపీటర్‌ని హామ్ నెట్‌వర్క్‌కి కలపొచ్చా అని కూడా చాలామంది అడుగుతుంటారు, కుదరదండి. అటువైపు మాట్లాడేవాళ్ళకి అమెచ్యూర్ లైసెన్స్ ఉండదు, ఇటు హామ్ మాటలు కమర్షియల్ ఛానల్లో పోకూడదు. రెండు సర్వీసులూ వేరు. అలాగే పాత కోడ్‌ప్లగ్‌లో (రేడియో సెట్టింగుల ఫైల్‌లో) స్క్రాంబ్లర్, ప్రైవసీ లాంటివి ఆన్‌లో మిగిలిపోయి ఉంటే తీసేయండి, వేర్వేరు దేశాల అమెచ్యూర్ స్టేషన్ల మధ్య అర్థం దాచే ఉద్దేశంతో ఎన్‌కోడ్ చేసిన ప్రసారాలు ఉండకూడదని అంతర్జాతీయ రేడియో నిబంధనలే చెప్తున్నాయి. ఆపరేటర్ దగ్గర లేకుండా రిపీటర్ నడపడానికీ ఇంటర్నెట్‌కి లింక్ చెయ్యడానికీ ఒక్కో దేశంలో ఒక్కో రూల్, మీ లైసెన్సింగ్ సంస్థ పేపర్లు ముందే చదవండి.

రెండోది, లింక్ చేసేముందు రిపీటర్ రిపీటర్‌గా బాగుండాలి. కమర్షియల్ బ్యాండ్ నుంచి కిందికి తెచ్చినప్పుడు ప్రోగ్రామింగ్‌లో ఫ్రీక్వెన్సీ మార్చేస్తే అయిపోదు, రిసీవర్ ఫ్రంట్ ఎండ్ ట్యూన్ చెయ్యాలి, వీసీఓ (ఫ్రీక్వెన్సీని పుట్టించే భాగం) లాక్ అవుతుందో లేదో చూడాలి, డ్యూప్లెక్సర్‌ని (ఒకే యాంటెన్నా మీద పంపడం, వినడం రెండూ జరిగేలా చూసే ఫిల్టర్‌ని) వీఎన్‌ఏ అనే కొలిచే పరికరం పెట్టి కొత్త ఫ్రీక్వెన్సీల జతకి మళ్ళీ ట్యూన్ చెయ్యాలి. తర్వాత డీసెన్స్ పరీక్ష: అంచుమీద వినపడేంత బలహీనమైన సిగ్నల్ ఇచ్చి ట్రాన్స్‌మిటర్ ఆఫ్‌లో ఎలా వినపడుతుందో వినండి, తర్వాత ట్రాన్స్‌మిటర్ ఆన్ చేసి వినండి. ఆన్ చేయగానే సిగ్నల్ గరగరలాడుతూ మునిగిపోతే మీ ట్రాన్స్‌మిటర్ మీ రిసీవర్‌నే చెవిటిదాన్ని చేస్తోందన్నమాట. ఇది ఉండగా లింక్ చేస్తే దూరపు స్టేషన్ మాట ముక్కలు ముక్కలుగా నెట్‌వర్క్ అంతటికీ పోతుంది, అటువైపు వాళ్ళేమో మీ ఇంటర్నెట్ బాలేదు అంటారు, మీరు రూటర్ మారుస్తూ కూర్చుంటారు. నేను చూసిన "నెట్ ప్రాబ్లమ్" ఫిర్యాదుల్లో చాలావాటికి మూలం డ్యూప్లెక్సర్‌లోనో దాని కేబుల్లోనో దొరికింది.

ఒకటే బుర్ర ఉండాలి. లోపలి కంట్రోలర్‌ని ఎందుకు ఆపమంటున్నానంటే, ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవు. రిపీటర్ తన హ్యాంగ్ టైమ్ (మాట అయిపోయాక కూడా ట్రాన్స్‌మిటర్ కాసేపు ఆన్‌లో ఉండటం) తను వేస్తుంది, నోడ్ తన హ్యాంగ్ టైమ్ వేస్తుంది, ఐడీ (కాల్‌సైన్ ప్రకటన) రెండు సార్లు వస్తుంది, టైమ్ అవుట్ (ఎక్కువసేపు మాట్లాడితే ఆపేయడం) ఎవరు చేశారో తెలీదు, అన్నిటికన్నా ముఖ్యం లోకల్ ఆడియో రెండు దారుల్లో ట్రాన్స్‌మిటర్‌కి చేరి కొన్ని మిల్లీ సెకన్ల తేడాతో డబుల్‌గా వినపడుతుంది. లోపలి రిపీట్ ఆపేశాక నోడ్ కాన్ఫిగరేషన్‌లో డ్యూప్లెక్స్ విలువ 2 పెట్టండి, అంటే ఫుల్ డ్యూప్లెక్స్, రిపీట్ ఆడియో, హ్యాంగ్ టైమ్, టెలిమెట్రీ (నోడ్ తనే చెప్పే సమాచారం, బీప్‌లు) అన్నీ నోడే చూస్కుంటుంది. రాస్ప్‌బెర్రీ పై చచ్చిపోయినా లోకల్‌గా రిపీటర్ పనిచెయ్యాలి అని క్లబ్‌లో పట్టుబడితే లోపలి రిపీట్ ఉంచి డ్యూప్లెక్స్ 3 పెట్టే దారి ఉంది, అందులో నోడ్ లోకల్ ఆడియోని తిరిగి పంపదు. అప్పుడు మాత్రం ఐడీ, హ్యాంగ్ ఏ వైపు ఉండాలో ముందే తేల్చుకుని రెండో వైపు తీసేయాలి. నా ఓటు 2కే.

ఇక వైర్లు.

సీఓఎస్. రిసీవర్లోకి ఎవరో వచ్చారు అని చెప్పే లాజిక్ లైను ఇది. దీన్ని క్యారియర్ మీద మాత్రమే పెట్టకండి, సరైన సీటీసీఎస్‌ఎస్ టోన్ (మాటతోపాటు పంపే, తాళంచెవిలా పనిచేసే సన్నటి స్వరం) కూడా డీకోడ్ అయితేనే యాక్టివ్ అయ్యేలా రిపీటర్ ప్రోగ్రామింగ్‌లో పెట్టండి. టవర్ మీద ఇంకో ట్రాన్స్‌మిటర్‌తో ఇంటర్‌మాడ్ (సిగ్నల్స్ కలిసిపోయి పుట్టే దొంగ సిగ్నల్) వచ్చి స్క్వెల్చ్ (సిగ్నల్ లేనప్పుడు శబ్దాన్ని మూసి ఉంచే గేటు) తెరుచుకుంటే లోకల్‌గా ఐతే ఒక చిన్న బుస్సు, కానీ హబ్‌కి (చాలా నోడ్‌లు కలిసే చోటుకి) లింక్ అయి ఉన్నప్పుడు అదే బుస్సు అక్కడున్న ప్రతి రిపీటర్‌నీ కీ చేస్తుంది, అంటే వాటి ట్రాన్స్‌మిటర్లని ఆన్ చేస్తుంది. వాక్స్ వద్దన్నది కూడా అందుకే: మాట మొదలు తెగుతుంది, మధ్యలో ఊపిరి తీసుకుంటే డ్రాప్ అవుతుంది, హిస్‌కి ఆన్ అవుతుంది.

మామూలు యూఎస్‌బీ సౌండ్ కార్డ్‌తో చెయ్యాలంటే సీఎం108 లేదా సీఎం119 చిప్ ఉన్నదే కావాలి, ఎందుకంటే ఆల్‌స్టార్ డ్రైవర్ ఆ చిప్‌లోని జీపీఐఓ (సాఫ్ట్‌వేర్ ఆన్, ఆఫ్ చెయ్యగలిగే) పిన్‌ని పీటీటీకీ, వాల్యూమ్ డౌన్ బటన్ పిన్‌ని సీఓఎస్‌కీ వాడుకుంటుంది. ఆ పిన్లు బయటకి రావు, చిప్ కాళ్ళకే సన్నటి ఎనామెల్ తీగ సోల్డర్ చెయ్యాలి, కాళ్ళ మధ్య దూరం అర మిల్లీమీటరు. సన్న మొన, భూతద్దం, ఫ్లక్స్ ఉండాలి, సోల్డర్ చేశాక తీగ మీద ఒక చుక్క గ్లూ వెయ్యాలి, లేకపోతే మొదటిసారి లాగినప్పుడే ప్యాడ్ ఊడొస్తుంది. అంత ఓపిక లేకపోతే ఇదే పనికోసం తయారుచేసిన రెడీమేడ్ రేడియో ఇంటర్‌ఫేస్‌లు ఉన్నాయి, కొండ మీద పెట్టే రిపీటర్‌కి నేనైతే అదే చెప్తా. ఏది వాడినా రిపీటర్ 5 లేదా 12 వోల్టుల లైన్‌ని నేరుగా చిప్‌కి ఇవ్వకూడదు, అది 3.3 వోల్టులది. మధ్యలో ఒక ట్రాన్సిస్టర్, 2ఎన్3904 లాంటి మామూలుదే, పెట్టండి, ట్రాన్సిస్టర్ లాజిక్‌ని తిరగేస్తుంది కాబట్టి సెట్టింగ్స్‌లో క్యారియర్ సోర్స్ "యూఎస్‌బీ"నా "యూఎస్‌బీ ఇన్వర్ట్"నా అన్నది దాన్ని బట్టి చూసుకోండి. పిన్ కిందికి లాగినప్పుడు యాక్టివ్ ఐతే ఇన్వర్ట్.

పీటీటీ. చాలా కమర్షియల్ సెట్లలో గ్రౌండ్‌కి లాగితే కీ అవుతుంది, ఇక్కడా ట్రాన్సిస్టరే. ఒక పరీక్ష మాత్రం తప్పనిసరి: యాంటెన్నా బదులు డమ్మీ లోడ్ పెట్టి రాస్ప్‌బెర్రీ పైకి కరెంట్ తీసి మళ్ళీ ఇవ్వండి, బూట్ అవుతున్న ఆ కాసేపు ట్రాన్స్‌మిటర్ దానంతటదే కీ అవుతోందేమో చూడండి. యూఎస్‌బీ పీకి కూడా చూడండి.

ఆడియో. నాకు అన్నిటికన్నా ఎక్కువ ప్రశ్నలు వచ్చేది ఇక్కడే, అందుకే కాస్త నెమ్మదిగా చెప్తా. ఎఫ్‌ఎం వాయిస్‌లో పంపేటప్పుడు పై ఫ్రీక్వెన్సీలని ఆక్టేవ్‌కి 6 డీబీ చొప్పున పెంచుతారు, ప్రీ ఎంఫసిస్, రిసీవర్లో అంతే తగ్గిస్తారు, డీ ఎంఫసిస్. డిస్క్రిమినేటర్ దగ్గర తీసుకున్న ఆడియో ఇంకా పెంచినట్టే ఉంటుంది, తగ్గించడం జరగలేదు. నెట్‌వర్క్ మీద ప్రయాణించాల్సింది మామూలు సమమైన ఆడియో. కాబట్టి డిస్క్రిమినేటర్ తీసుకుంటే నోడ్‌లో డీ ఎంఫసిస్ ఆన్ చెయ్యాలి, ఫ్లాట్ ఇన్‌పుట్‌కి ఇస్తే ప్రీ ఎంఫసిస్ ఆన్ చెయ్యాలి. స్పీకర్ వైపు ఆడియో తీసుకున్నా, మైక్ వైపు ఇచ్చినా ఆ పని రేడియోనే చేసేస్తుంది, నోడ్‌లో ఆఫ్ ఉండాలి.

ఇందులో అసలు చిక్కు ఏంటంటే, రెండూ ఆఫ్ పెట్టేసినా లోకల్‌గా అద్భుతంగా వినపడుతుంది. పెంచిన ఆడియో పెంచినట్టే లోపలికొచ్చి, అలాగే బయటికి పోయి, వినేవాడి చేతి రేడియోలో తగ్గుతుంది, లెక్క సరిపోయింది. కానీ లింక్ చెయ్యగానే అటువైపు వాళ్ళకి మీ వాళ్ళ గొంతులు సన్నగా, రేకు డబ్బాలోంచి వచ్చినట్టు వినపడతాయి, వాళ్ళ గొంతులు మీ వాళ్ళకి దుప్పటి కప్పుకుని మాట్లాడినట్టు ఉంటాయి. లోకల్‌గా బానే ఉంది కాబట్టి తప్పు అటువైపే అని గొడవలు పడ్డవాళ్ళని చూశాను. ఒక క్లబ్ రిపీటర్‌కి ఇదే సమస్య నెలలపాటు ఉంది, ఆ రెండు సెట్టింగులూ ఆన్ చేసి లెవెల్స్ మళ్ళీ పెట్టగానే తీరిపోయింది. అందుకే ఎంఫసిస్ సరిగ్గా ఉందో లేదో లోకల్‌గా విని తేల్చకండి, నెట్‌వర్క్ అవతలి చెవితోనే తేల్చాలి.

డిస్క్రిమినేటర్ ఆడియోలో యూజర్ టోన్ కూడా కలిసొస్తుంది, 67 నుంచి 254 హెర్ట్జ్ దాకా ఎక్కడైనా ఉండొచ్చు, నోడ్‌లో పీఎల్ (సీటీసీఎస్‌ఎస్‌కే ఇంకో పేరు) ఫిల్టర్ ఆన్ చెయ్యకపోతే సన్నటి గుంయ్ మనే శబ్దం ప్రతి ఓవర్‌లోనూ (ఒకరు మాట్లాడే ప్రతి విడతలోనూ) పోతుంది. స్క్వెల్చ్ మూసుకునే లోపు వచ్చే తుస్సు కూడా వస్తుంది, దానికి ఆడియో డిలే కొన్ని ఫ్రేములు పెంచితే తెగిపోతుంది.

ఉదాహరణకి మోటరోలా జీఎం300 తరహా 16 పిన్ కనెక్టర్ ఐతే పిన్ 3 పీటీటీ, పిన్ 5 ఫ్లాట్ టీఎక్స్ ఆడియో, పిన్ 7 గ్రౌండ్, పిన్ 11 రిసీవ్ ఆడియో, పిన్ 8ని ప్రోగ్రామింగ్‌లో పీఎల్ లేదా క్యారియర్ డిటెక్ట్‌గా పెట్టుకోవచ్చు. పిన్ 2 బయటి మైక్, అక్కడ ఇస్తే ప్రీ ఎంఫసిస్ రేడియోదే. పిన్ 11 ఫ్లాటా ఫిల్టర్డా అన్నది లోపలి జంపర్ మీద ఆధారపడుతుంది, కాబట్టి మూత తీసి చూడాల్సిందే. మీది వేరే మోడల్ ఐతే ఆ మోడల్ సర్వీస్ మాన్యువల్‌లో బ్లాక్ డయాగ్రం చూడండి, ముఖ్యంగా ఫ్లాట్ ఇన్‌పుట్ డీవియేషన్ (ఆడియోతో ఫ్రీక్వెన్సీ అటూ ఇటూ ఊగే దూరం) లిమిటర్‌కి ముందు చేరుతుందా తర్వాతా అన్నది. తర్వాత ఐతే ఎక్కువ లెవెల్ ఇచ్చినప్పుడు ఆపేవాడు ఎవరూ ఉండరు, పక్క ఛానల్లోకి చిమ్ముతుంది.

లెవెల్స్. చెవితో పెట్టకండి. సర్వీస్ మానిటర్ అరువు తెచ్చుకోండి, 1 కిలోహెర్ట్జ్ టోన్ 3 కిలోహెర్ట్జ్ డీవియేషన్‌తో రిసీవర్‌కి ఇచ్చి నోడ్ ట్యూన్ మెనూలో మీటర్ కూడా 3 దగ్గర నిలబడేలా రిసీవ్ లెవెల్ పెట్టండి, ఆ తర్వాత అదే టోన్ ట్రాన్స్‌మిటర్లోంచి 3తోనే బయటికి వచ్చేలా టీఎక్స్ లెవెల్ పెట్టండి. లోపలికి ఎంతో బయటికీ అంతే, ఇదొక్కటే సూత్రం. 25 కిలోహెర్ట్జ్ ఛానల్‌కి మొత్తం గరిష్ఠం 5 కిలోహెర్ట్జ్, అందులో టోన్ వాటా 500 నుంచి 700 హెర్ట్జ్ దగ్గర ఉంటే చాలు. మీ రిపీటర్ 12.5 కిలోహెర్ట్జ్ నారోబ్యాండ్‌కి ప్రోగ్రామ్ చేసి ఉంటే గరిష్ఠం 2.5 మాత్రమే, అప్పుడు వైడ్‌లో మాట్లాడే హామ్ సెట్లు లోపలికొచ్చేటప్పుడే చిరిగిపోతాయి, ముందు ఆ సెట్టింగ్ చూడండి.

హమ్ వస్తే గ్రౌండ్ లూప్ అయి ఉంటుంది, ఆడియో లైన్లలో 600 ఓమ్ ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్లు పెట్టండి. ట్రాన్స్‌మిటర్ కీ అవ్వగానే యూఎస్‌బీ కార్డ్ మాయమైపోతుంటే ఆర్‌ఎఫ్ దూరుతోంది: కేబుల్ పొట్టిగా, ఫెరైట్ వేసి, నోడ్‌ని ఇనప డబ్బాలో పెట్టండి.

రిపీటర్ దగ్గర ఇంటర్నెట్ లేకపోతే ఇంట్లో ఒక మొబైల్ రేడియో పెట్టి రిపీటర్ ఇన్‌పుట్ మీద పంపి అవుట్‌పుట్ మీద వినేలా కూడా కలపొచ్చు, చాలామంది అలాగే మొదలుపెడతారు. ఇందులో రెండు చిక్కులున్నాయి. మొదటిది, యూజర్ పీటీటీ వదిలాక కూడా రిపీటర్ టెయిల్ (హ్యాంగ్ టైమ్‌లో వచ్చే ఖాళీ సిగ్నల్) కొన్ని సెకన్లు గాల్లో ఉంటుంది, లింక్ రేడియో దాన్ని కూడా మాట అనుకుని నెట్‌వర్క్‌ని పట్టుకునే ఉంటుంది, అటువైపు వాళ్ళకి జవాబిచ్చే ఖాళీ దొరకదు, ఒకోసారి రెండు రిపీటర్ల టెయిల్స్ ఒకదాన్నొకటి లేపుకుంటూ గంటలు గడుపుతాయి. దీనికి మందు ఒకటే, రిపీటర్ తన సీటీసీఎస్‌ఎస్ టోన్‌ని యూజర్ లోపలికొస్తున్నంత సేపే పంపాలి, టెయిల్‌లో, ఐడీలో పంపకూడదు, లింక్ రేడియో ఆ టోన్ ఉంటేనే తెరుచుకోవాలి. రెండోది, ఇది హాఫ్ డ్యూప్లెక్స్, నెట్‌వర్క్‌లో ఎవరైనా ఆపకుండా మాట్లాడుతుంటే లింక్ రేడియో పంపుతూనే ఉంటుంది, మీరు డీటీఎంఎఫ్ (రేడియో కీప్యాడ్ అంకెల టోన్లు) నొక్కి డిస్కనెక్ట్ చేద్దామన్నా అది వినదు. కాబట్టి ఫోన్లోంచో కంప్యూటర్‌లోంచో నోడ్‌ని ఆపే రెండో దారి ఉండాలి. నేరుగా వైరింగ్ చేసే వీలుంటే ఇటు రావద్దు.

ఇంటర్నెట్ వైపు: ఆల్‌స్టార్ నడిచేది ఆస్టరిస్క్ అనే టెలిఫోన్ ఎక్స్ఛేంజ్ సాఫ్ట్‌వేర్ మీద, జిమ్ డిక్సన్ రాసిన రిపీటర్ మాడ్యూల్ దానికి తగిలించింది. నోడ్‌ల మధ్య ఆడియో యూడీపీ 4569 పోర్ట్ మీద పోతుంది. మీరు బయటికి కనెక్ట్ అవ్వడానికి పోర్ట్ తెరవక్కర్లేదు, బయటివాళ్ళు మీకు కనెక్ట్ అవ్వాలంటే రూటర్లో ఫార్వర్డ్ చెయ్యాలి. మొబైల్ డేటా మీద ఐతే సాధారణంగా ఆ వీలుండదు, పబ్లిక్ ఐపీ ఇచ్చే వీపీఎన్ ఒకటి కావాలి. మామూలు యూలా కోడెక్‌కి (ఆడియోని డేటాగా మార్చే పద్ధతికి) ఒక్కో లింక్‌కీ ఒక్కో వైపు 80 కిలోబిట్లు అనుకోండి, అంతే. స్పీడ్ కన్నా ప్యాకెట్లు ఒకే తీరున రావడం ముఖ్యం. *3 తర్వాత నోడ్ నంబర్ నొక్కితే కనెక్ట్, *1 తర్వాత నంబర్ నొక్కితే డిస్కనెక్ట్, డిఫాల్ట్ ఇవే. పాస్‌వర్డ్‌లు డిఫాల్ట్‌వి ఉంచకండి, కొండ మీద మీ ట్రాన్స్‌మిటర్ తాళంచెవి అది.

ఎకోలింక్ అనే ఇంకో హామ్ ఇంటర్నెట్ నెట్‌వర్క్‌ని కూడా అదే నోడ్‌లో కలుపుకోవచ్చు, 5198, 5199 యూడీపీ పోర్ట్‌లు దానివి. ఐఆర్‌ఎల్‌పీ అనే మరో నెట్‌వర్క్‌కి ఐతే వాళ్ళ సొంత బోర్డ్ కావాలి. ఎన్ని కలిపినా ఒకే హబ్‌కి రెండు దారుల్లో చేరకుండా చూస్కోండి, లూప్ పడితే ఒకే మాట తిరిగి తిరిగి వస్తుంది. మీ రిపీటర్ డీఎంఆర్ (డిజిటల్ వాయిస్) చెయ్యగలిగిన మోటరోలాది ఐతే ఈ ఆడియో వైరింగ్ ఏదీ అక్కర్లేదు, దాని ఐపీ సైట్ కనెక్ట్‌తో నేరుగా బ్రాండ్‌మీస్టర్ అనే డీఎంఆర్ నెట్‌వర్క్‌కి కలపొచ్చు, అది వేరే కథ, కావాలంటే విడిగా రాస్తా.

టైమర్లు, వేడి. లోకల్‌గా రోజుకి ఒక గంట పనిచేసే రిపీటర్ బిజీ హబ్‌కి కలిపితే రోజంతా కీ అయ్యే ఉంటుంది. డేటా షీట్‌లో కంటిన్యువస్ డ్యూటీకి విడిగా ఇచ్చిన పవర్ ఎంతో చూసి దానికే తగ్గించండి, ఫ్యాన్ పెట్టండి. నోడ్ టైమ్ అవుట్ డిఫాల్ట్‌గా 3 నిమిషాలు, రిపీటర్ సొంత టైమ్ అవుట్ టైమర్‌ని దానికన్నా కాస్త ఎక్కువగా పెట్టి ఉంచండి, తీసేయకండి, నోడ్ హ్యాంగ్ అయి పీటీటీ ఇరుక్కుపోయిన రోజు కాపాడేది అదే. రాస్ప్‌బెర్రీ పై కరెంట్‌ని దూరం నుంచి ఆపే ఏర్పాటు ఇంటర్నెట్ మీద ఆధారపడకుండా ఒకటి ఉంటే ఇంకా మంచిది.

యూజర్లకి ఒకటి చెప్పండి, పీటీటీ నొక్కి ఒక సెకను ఆగి మాట్లాడమని, ఓవర్‌కీ ఓవర్‌కీ మధ్య రెండు మూడు సెకన్లు ఖాళీ వదలమని. టోన్ డీకోడ్ అవ్వడానికి, అవతలి రిపీటర్లన్నీ కీ అవ్వడానికి టైమ్ పడుతుంది, తొందరపడితే కాల్‌సైన్ మొదటి అక్షరాలే పోతాయి. ఆ ఖాళీ లేకపోతే వేరే ఊరి నుంచి ఎమర్జెన్సీ ట్రాఫిక్‌తో ఎవరైనా దూరుదామన్నా దారుండదు.

మొదలుపెట్టేటప్పుడు నేరుగా పెద్ద హబ్‌కి వెళ్ళకండి. ఎకోలింక్ పెట్టుకుంటే 9999 ఎకో టెస్ట్ ఉంది, మీ మాట మీకే తిప్పి వినిపిస్తుంది, అక్కడ మాట తెగడం, టెయిల్ లాంటివి తెలుస్తాయి, ఎంఫసిస్ తప్పు మాత్రం తెలీదు, మీ ఆడియో మీ దారిలోనే తిరిగొచ్చి లోకల్‌గా లాగే లెక్క సరిపోతుంది కాబట్టి. తర్వాత తెలిసిన ఒక స్నేహితుడి నోడ్‌తో కొన్ని రోజులు మాట్లాడండి, చేతి రేడియో సిగ్నల్ నుంచి, కార్ సిగ్నల్ నుంచి, అంచు సిగ్నల్ నుంచి. అవన్నీ శుభ్రంగా వెళ్తున్నాయని అతను చెప్పాక హబ్‌కి కలపండి. రిపీటర్ మోడల్ నంబర్, వెనక కనెక్టర్ ఫోటో ఇక్కడ పెడితే ఏ పిన్ ఎక్కడికో కూర్చుని చూసి చెప్తాను.